రేటు పెంచే ముందు ఒక లెక్క

ఈ మధ్య రీల్స్ చూస్తుంటే ఒకే రకం వీడియో పదే పదే వస్తోంది. అమెరికాలో ఒకాయన పాత లాండ్రోమాట్ కొంటాడు. అంటే జనమే వచ్చి, మెషిన్‌లో బట్టలు వేసుకుని, డబ్బులు కట్టి, ఉతుక్కుని వెళ్లిపోయే షాపు. కొన్న మొదటి రోజే గోడకి రంగు వేయించి, రేటు పెంచేస్తాడు. "ఎవరూ పట్టించుకోలేదు, లాభం డబుల్" అని నవ్వుతాడు. కింద కామెంట్లలో మనవాళ్లే. "అన్నా, గుంటూరులో పెడితే వర్కవుట్ అవుతుందా?"

అవుతుందో లేదో చెప్పడానికి నా దగ్గర సొంత లెక్కే ఉంది. పోయిన జులైలో మా బావ, నేను కలిసి గుంటూరులో హాస్టళ్లు ఎక్కువగా ఉండే ఒక వీధిలో అలాంటి షాపే కొన్నాం. నాలుగు వాషింగ్ మెషిన్లు, రెండు డ్రైయర్లు, ఒక క్యూఆర్ కోడ్. మొత్తం 8 లక్షలు. అందులో 3 లక్షలు మా ఇద్దరి సేవింగ్స్, 5 లక్షలు నాలుగేళ్ల లోను. నేను హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచి పని చేస్తాను. షాపు చూసుకునేది బావ.

తాళాలు చేతికొచ్చిన సాయంత్రమే బావ అడిగిన మొదటి మాట: "ఎప్పుడు పెంచుదాం?"

పాత రేటు ఉతకడానికి లోడ్‌కి రూ.80, ఆరబెట్టడానికి రూ.40. బావ మనసులో ఉన్న రేటు రూ.120. "ఫస్ట్ నుంచే పెంచేద్దాం, కొత్త ఓనర్ వస్తే రేటు మారుతుందని జనానికీ తెలుసు" అన్నాడు. నేను ఒక నెల టైమ్ అడిగాను. ఆ నెలలో చేసిన లెక్కే ఇవాళ మీకు చెబుతున్నా. షాపు కొన్నా, టిఫిన్ సెంటర్ కొన్నా, వాటర్ ప్లాంటు కొన్నా ఇదే లెక్క పనికొస్తుంది.

లోడ్‌కి మనకెంత పడుతోంది?

కొనే ముందు ఓనర్ చెప్పే మాటల కన్నా కరెంటు బిల్లు చూడండి. ఆయన రోజుకి సగటున 25 లోడ్లు ఉతుకు, 12 లోడ్లు ఆరబెట్టడం ఉంటుందన్నారు. ఆరు నెలల యూపీఐ స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లులు పక్కపక్కన పెట్టి చూశాను. యూనిట్లు సరిపోయాయి. పెద్దాయన నిజమే చెప్పారు.

గోరువెచ్చని నీళ్లతో ఒక లోడ్ ఉతకడానికి మా మెషిన్లకి సుమారు 0.8 యూనిట్ కాలుతుంది. కమర్షియల్ కనెక్షన్‌లో నెలకి 500 యూనిట్లు దాటితే యూనిట్ పది రూపాయల పైనే. అంటే కరెంటు రూ.8. నీళ్లు 70 లీటర్లు. మా వీధిలో బోరు నీళ్లు గట్టివి. సబ్బు నురగ రాదు, తెల్లబట్ట నాలుగు ఉతుకులకే మాసిన రంగుకి వస్తుంది, మెషిన్‌లో హీటరు మీద సున్నంలా పొర కడుతుంది. పాత ఓనర్ బోరు నీళ్లే వాడేవారు. మేం ట్యాంకర్‌కి మారాం. 5000 లీటర్లకి రూ.700, అంటే లోడ్‌కి రూ.10. సబ్బు ద్రవం రూ.8. మొత్తం రూ.26.

ఇక లోడ్లు వచ్చినా రాకపోయినా తప్పని ఖర్చు. అద్దె 18 వేలు, సాయంత్రాలు కూర్చునే కుర్రాడి జీతం 12 వేలు, రిపేర్లకి పక్కన పెట్టేది 6 వేలు, లైట్లు, నెట్, ఊడ్చేవాళ్లకి 3 వేలు, ఈఎంఐ 14 వేలు. మొత్తం 53 వేలు. నెలకి 750 లోడ్ల మీద పంచితే లోడ్‌కి సుమారు రూ.71.

అంటే ఒక లోడ్ ఉతికితే మాకు పడేది రూ.97. తీసుకుంటున్నది రూ.80.

ఆరబెట్టడం ఇంకో కథ. డ్రైయర్ ఒకసారి తిరిగితే మూడున్నర యూనిట్లు. కరెంటే రూ.35. తీసుకునేది రూ.40. అన్నీ కలిపితే నెలకి రూ.10,700 నష్టం.

మరి పాత ఓనర్‌కి ఎలా గిట్టింది? ఆయనకి ఈఎంఐ లేదు. కుర్రాడి జీతం లేదు, పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా ఆయనే కూర్చునేవారు. బోరు నీళ్లు. ఆ లెక్కన నెలకి 22 వేల పైనే మిగిలేది. ఆయన మాకు చూపించిన "లాభం" అదే. సరిగ్గా చూస్తే అది లాభం కాదు, రోజుకి పదిహేను గంటలు కూర్చున్నందుకు ఆయనకి ఆయన ఇచ్చుకున్న జీతం. వ్యాపారం అమ్మేవాళ్లు చూపించే లాభంలో వాళ్ల సొంత కష్టం ఎంత ఉందో తీసేసి చూడండి. చాలా షాపుల్లో అక్కడే కథ అయిపోతుంది.

ఈఎంఐ ఎవరి బట్టల మీద?

ఇక్కడే బావకీ నాకూ గట్టిగా వాదన జరిగింది. "97 పడుతున్నప్పుడు 120 తీసుకుంటే తప్పేంటి?" అన్నాడు. తప్పని నేననలేదు. కానీ ఆ 97లో ఏముందో విడదీసి చూపించాను.

ట్యాంకర్ నీళ్లు కస్టమర్‌కి అందుతున్నాయి. చొక్కా తెల్లగా ఉంటోంది. సాయంత్రం కుర్రాడు కూర్చోవడం వాళ్లకి అందుతోంది. రాత్రి తొమ్మిదికి హాస్టల్ అమ్మాయిలు ధైర్యంగా వస్తున్నారంటే షాపులో మనిషి, కెమెరా ఉండబట్టే. వీటికి డబ్బులు అడగొచ్చు. కానీ ఈఎంఐలో కస్టమర్‌కి అందేది ఏముంది? ఆ 14 వేలు నాలుగేళ్ల తర్వాత మనకి అప్పులేని షాపు ఇస్తాయి. అది మన ఆస్తి. దాన్ని నెలకి ఆరువేలు పాకెట్ మనీ వచ్చే పిల్లాడి జీన్స్ ప్యాంటు మీద మొత్తంగా వేస్తానంటే, కనీసం ఏం వేస్తున్నామో మనకి తెలియాలి.

"ఇట్టా ఆలోచిస్తే వ్యాపారం చేసినట్టే" అన్నాడు బావ.

ఈ వాదన మా నాన్న విన్నాడు. మాది ప్రకాశం వైపు పల్లెటూరు. పత్తి, మిరప. ఆయన నవ్వి ఒకటే మాటన్నాడు. "మేం ఎప్పుడూ రేటెంతని అడిగినోళ్లమే గానీ, ఇదీ రేటని చెప్పినోళ్లం కాదురా. మీకు చెప్పే వీలొచ్చింది. చూసి చెప్పండి."

ఆ మాట నాకు బాగా తగిలింది. పత్తికి రేటు ఢిల్లీలో ప్రకటిస్తారు. 2025-26కి పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలు రూ.8,110. అంతకంటే తక్కువకి బయట అమ్ముకున్నవాళ్లూ ఉంటారు. మిరపకి అదీ లేదు. గుంటూరు యార్డులో బస్తా దించాక, కొనేవాళ్లు కాయ చూసి చెప్పిందే రేటు. 2025 మొదట్లో రేటు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి రూ.11,781 అని లెక్క కట్టింది. పండించినవాడు కట్టిన లెక్క కాదది. తన సరుక్కి తానే రేటు పెట్టుకునే అవకాశం ఈ నేల మీద చాలా కొద్దిమందికే ఉంది. బట్టలుతికే మెషిన్లు నాలుగు కొంటే మాకు వచ్చింది.

వెనక్కి వెళ్తే, బట్టలుతికే కుటుంబాలకీ అది ఉండేది కాదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఏడాదంతా ఊరి బట్టలు ఉతికితే, పంట నూర్పిళ్లప్పుడు కళ్లంలో గింజలు కొలిచేవారు. ఇంట్లో కోడళ్లొచ్చి, పిల్లలు పుట్టి మూట పెరిగినా కొలత మాత్రం రైతు చేతిలోనే.

27 శాతం అనే అంకె

ఇంజినీరింగ్ చదివాం కాబట్టి ఒక ఫార్ములా. రేటు పెంచితే కొంతమంది పోతారు. ఎంతమంది పోయేదాకా మనకి నష్టం లేదు?

రూ.80కి ఉతికినప్పుడు, రూ.26 ఖర్చు పోగా లోడ్‌కి 54 మిగులుతుంది. రూ.100 చేస్తే 74. పాత లెక్కన 750 లోడ్లకి మిగిలేది రూ.40,500. కొత్త రేటుకి 547 లోడ్లు వస్తే చాలు, అంతే మిగులుతుంది. అంటే 203 లోడ్లు పోయినా మనకి ఒక్క రూపాయి తేడా రాదు. పెంచిన మొత్తాన్ని కొత్త మిగులుతో భాగిస్తే, 20 బై 74, వచ్చేది 27 శాతం. ఈ ఒక్క లెక్క ఫోన్ కాలిక్యులేటర్‌లో చేసుకోవచ్చు. పెంచే ముందు ఎవరైనా చేయాల్సిందే.

బావ ఎగిరి గంతేశాడు. "నూటికి 27 మంది పోయినా నష్టం లేదంటే ఇంకెందుకు ఆలస్యం?"

ఆ 27 మంది ఎవరో కూడా చూడాలి కదా. రేటు పెరిగితే ముందు పోయేది డబ్బున్నవాళ్లు కాదు. మా షాపు పక్కనే ఒక పెద్దమ్మ ఇస్త్రీ బండి పెట్టుకుంది. పిల్లలు మా దగ్గర ఉతికిన బట్టల్లోంచి కాలేజీకి వేసుకునే నాలుగు జతలు తీసి ఆమెకిచ్చి పోతారు. మా 203 లోడ్లు పోతే, అందులో సగమైనా ఆమెకి ఆరేసి బట్టలు ఇచ్చేవాళ్లే అనుకుందాం. బట్టకి పది రూపాయల చొప్పున ఆమెకి నెలకి ఆరు వేలు పోయినట్టు. మా ఎక్సెల్ షీట్‌లో "నష్టం లేదు" అని ఆకుపచ్చగా కనిపించే గడి, బయట ఆమె బండి మీద ఆరు వేలు.

ఆమెని అడిగాను, నువ్వెప్పుడు పెంచావు పెద్దమ్మా అని. "పెంచా బాబూ, ఎనిమిది నుంచి పదికి. నెల ముందు నుంచీ వచ్చినోళ్లందరికీ చెప్పుకున్నా. బొగ్గుల రేటు చెప్పా. ఒకటో తారీకు నుంచి అని చెప్పా. గమ్మున పెంచితే మోసం చేసినట్టుంటది" అంది.

పెంచిన పద్ధతి

ముందు పని, తర్వాత రేటు అనుకున్నాం. నాలుగో మెషిన్ చాలాకాలంగా నీళ్లు సరిగ్గా వదలడం లేదు. బాగు చేయించాం. హీటర్లకి పట్టిన పొర తీయించాం. బట్టలు మడత పెట్టుకోవడానికి బల్ల వేశాం. అక్టోబర్ ఒకటిన గోడ మీద కాగితం అంటించాం: నవంబర్ 1 నుంచి ఉతుకు రూ.100, ఆరబెట్టడం రూ.60. కింద కారణాలు, ఖర్చుతో సహా. నీళ్లకి ఇంత, కరెంటుకి ఇంత, మనిషికి ఇంత. ఒక తెలిసినాయన "జీఎస్టీ వల్ల అని రాయండి, ఎవరూ మాట్లాడరు" అని సలహా ఇచ్చాడు. మా ఏడాది టర్నోవర్ తొమ్మిది లక్షలు. సేవలకి రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు. మేం కట్టని పన్ను పేరు చెప్పి వసూలు చేయడం అంటే అది వేరే పని.

వంద అనే అంకెకీ ఒక కారణం ఉంది. 1934లో టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో నాలుగు మెషిన్లతో మొదలైన ఇలాంటి షాపులో గంటల లెక్కన అద్దె తీసుకునేవారు. తర్వాత నాణేల మెషిన్లొచ్చాయి. నాణెం ఎంతుంటే రేటు అంత మెట్టులోనే పెరగాలి. కోకాకోలా సీసా 1886 నుంచి 1950ల చివరి దాకా 5 సెంట్లకే అమ్మడానికి ఒక కారణం, వాళ్ల మెషిన్లు 5 సెంట్ల నాణెమే తీసుకునేవి. పదికి పెంచితే ఒకేసారి డబుల్. అందుకని ఏడున్నర సెంట్ల నాణెం ముద్రించమని 1953లో ఆ కంపెనీ పెద్ద ఏకంగా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌నే అడిగాడు. ముద్రించలేదు. మన దగ్గర నాణేల మెషిన్ పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. పది రూపాయల కాయిన్ చెల్లుతుందని రిజర్వ్ బ్యాంక్ చెప్పినా, వద్దనే కొట్లు ఇంకా ఉన్నాయి. యూపీఐ ఉంది కాబట్టి 97 అని కూడా పెట్టొచ్చు. కానీ క్యాష్ ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎనభైకి వంద నోటిస్తే చిల్లర ఇరవై కోసం కుర్రాడు పక్క కొట్టుకి పరిగెత్తాలి. వందకి ఆ బాధ లేదు.

రేటుతో పాటు రెండు పనులు చేశాం. మొదటిది, డాబా మీద తీగలు కట్టాం. ఆరేసుకోవడం ఉచితం. మిరపకాయల్ని పది పదిహేను రోజులు కళ్లంలో ఎండబెట్టి తేమ పది పదకొండు శాతానికి దించే ఊళ్లు మనవి. అంత ఎండ పెట్టుకుని చొక్కా ఆరడానికి మూడున్నర యూనిట్లు కాల్చడం ఏంటి? తొందరున్నవాళ్లు, వాన పడేరోజు వచ్చేవాళ్లు రూ.60 ఇస్తారు. లేనివాళ్లు తీగ మీద వేసుకుంటారు.

రెండోది, సోమవారం నుంచి శుక్రవారం దాకా పగలు 11 నుంచి 4 వరకు ఉతుకు పాత రేటే, రూ.80. ఆ టైమ్‌లో మెషిన్లు ఖాళీగానే ఉంటాయి. యార్డుకి సరుకు కోసం వచ్చి లోడ్ దొరికేదాకా ఎదురుచూసే లారీ డ్రైవర్లు, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్లు అప్పుడే వస్తారు. వాళ్ల బట్టల్లో మిరప కోరు ఉంటుంది. అదే మెషిన్‌లో వెంటనే ఇంకొకళ్లు బనియన్లు వేస్తే ఒళ్లు మండిపోతుంది. అందుకని నాలుగో మెషిన్ వాళ్లకే కేటాయించాం, చివర్లో ఒకసారి అదనంగా నీళ్లతో కడుగుతుంది. అదనపు ఖర్చు మూడు రూపాయలు. అది వాళ్ల మీద వేయలేదు. ఊరంతా బతికేదే ఆ కోరు మీద.

మూడు నెలల తర్వాత

నవంబర్, డిసెంబర్, జనవరి. సగటున నెలకి 660 లోడ్లు ఉతికాం. పాత 750 మీద 12 శాతం తగ్గింది. ఇందులో 460 వంద రూపాయలకి, 200 పగటి పూట ఎనభైకి. డ్రైయర్ వాడకం 360 నుంచి 240కి పడిపోయింది. విచిత్రం ఏంటంటే, నలభై రూపాయలకి 360 సార్లు తిప్పినా రూ.14,400, అరవైకి 240 సార్లు తిప్పినా రూ.14,400. ఆదాయం అదే, కరెంటు మాత్రం రూ.4,200 మిగిలింది. ఆరబెట్టడం మానేసిన వాళ్ల బట్టలు డాబా మీద ఆరుతున్నాయి.

నష్టం నెలకి రూ.10,700 నుంచి రూ.2,160కి దిగింది. అవును, ఇంకా నష్టమే. రీల్స్‌లో చూపించే "నిద్రపోతుంటే వచ్చే డబ్బు" మా అకౌంట్‌లో ఇంకా పడలేదు. నా జీతంలోంచి నెలకి ఆ రెండువేల చిల్లర వెళ్తోంది.

బావ లెక్క బావకుంది. "పగటి పూట రాయితీ తీసేస్తే నాలుగు వేలు వస్తాయి. నష్టం పోయి లాభంలోకి వస్తాం" అంటాడు. అంకెల్లో ఆ మాట నిజం. కానీ ఆ 200 లోడ్లకీ అదే ఫార్ములా వేయండి. రాయితీ తీసేస్తే వాళ్లలో 27 శాతం కంటే ఎక్కువమంది పోతారా, తక్కువమంది పోతారా? సగం పోతే, ఇప్పుడు వాళ్ల మీద మిగిలే రూ.10,800 కాస్తా రూ.7,400 అవుతుంది. సగం పోతారని నేనంటాను. "అది నీ ఊహ" అంటాడు బావ. నిజమే, తీసి చూస్తే గానీ తెలియదు. తీసి చూస్తే మాత్రం, పోయినవాళ్లు రాయితీ మళ్లీ పెట్టిన రోజున తిరిగి వస్తారన్న హామీ లేదు. రేటు పెంచడం కోడ్ మార్చడం లాంటిది కాదు. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే బటన్ ఉండదు.

ప్రస్తుతానికి రాయితీ ఉంచాం. మే నెలలో హాస్టళ్లు ఖాళీ అవుతాయి, ట్యాంకర్ రేటు పెరుగుతుంది. అప్పుడు ఈ వాదన మళ్లీ మొదలవుతుంది, ఈసారి ఇంకా గట్టిగా.

ఇస్త్రీ పెద్దమ్మని మొన్న అడిగాను, బేరం తగ్గిందా అని. "కాస్త తగ్గింది బాబూ. డాబా మీద ఆరేసినోళ్లవి ముడతలు ఎక్కువ, వాళ్లు ఇస్తున్నార్లే" అంది. ఆ కాలమ్ నా ఎక్సెల్‌లో లేదు. ఇప్పుడు కలిపాను.

మీలో ఎవరైనా ఏదైనా షాపు కొనే ఆలోచనలో ఉంటే, సంతకం పెట్టకముందే మూడు అంకెలు రాసుకోండి. ఒక్కో అమ్మకానికి అయ్యే ఖర్చు, నెలకి తప్పని ఖర్చు, రేటు పెంచితే ఎంతమంది పోయేదాకా తట్టుకోగలరు. ఆ మూడో అంకె పక్కన, పోయేవాళ్లు ఎవరో కూడా రాయండి. పేర్లు తెలియకపోతే రెండు రోజులు ఆ షాపు ముందు టీ తాగుతూ కూర్చోండి. తెలుస్తాయి.